చెరువు అడుగున వెడల్పాకు మొక్క: ఒక సర్వే డైరీ

ఆగస్టు 18

సామర్లకోటకు ఉత్తరంగా ఉన్న మెట్ట గ్రామాల్లో పన్నెండు ఊరచెరువులను ఎంచుకొని, వాటి నీటి అడుగున పెరిగే మొక్కలను ఒక్కొక్కటిగా గుర్తించి నమోదు చేసే పనిని ఈ రోజు మొదలుపెట్టాము. చెరువు మొక్కల గురించి మన దగ్గర ఎవరు జాబితా వేసినా అందులో తామర, కలువ, అంతరతామర, గుర్రపు డెక్క, తూటికాడ తప్పక కనిపిస్తాయి. నీటిపైకి తల ఎత్తని మొక్కలన్నిటికీ కలిపి ‘పాచి’ అన్న ఒక్క మాటతో సరిపెడతాము. ఆ ఒక్క మాట కింద ఎన్ని జాతులు దాగి ఉన్నాయో తేల్చడమే మా ఉద్దేశం. నాతోపాటు డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, తాటిదోనె నడిపే ఒక పెద్దాయన ఈ పనిలో ఉన్నారు.

పనిముట్లు కొద్దివే: రెండువైపులా పళ్లున్న ఇనుప గొర్రు, దానికి కట్టిన పది మీటర్ల తాడు, పదింతలు చేసి చూపే చేతి భూతద్దం, నీటి తేటదనం కొలవడానికి నలుపు తెలుపు రంగులు వేసిన 20 సెం.మీ. బిళ్ళ, థర్మామీటరు, పీహెచ్ మీటరు, ఒక తెల్లని పింగాణీ పళ్లెం. వీటన్నిటిలోకీ నాకు పళ్లెమే ముఖ్యం. నీటి మొక్కను గట్టుమీదికి లాగగానే ఆకులన్నీ ఒకదానికొకటి అంటుకొని తడిగుడ్డ ముద్దలా మారిపోతాయి, అందువల్ల పళ్లెంలో నీళ్లు పోసి అందులో విప్పి చూస్తేనే అది ఏ రూపంలో పెరుగుతోందో తెలుస్తుంది.

మొదటి రెండు చెరువుల్లో హైడ్రిల్లా, సెరటోఫిల్లమ్, నాజస్ దొరికాయి. మూడో చెరువులో, కలుజుకు (నిండిన చెరువు మిగులు నీరు పొర్లిపోయే చోటుకు) దగ్గరగా ఉన్న మూలలో, మోకాలి లోతు నీటిలో రిబ్బను లాంటి ఆకులతో చిన్న చిన్న గుబుర్లు కనిపించాయి. ఆకులు అరచేతి పొడవున ఉన్నాయి, వెడల్పు ఒక సెంటీమీటరుకు మించలేదు. వాలిస్నేరియా అని రాసుకున్నాము.

సెప్టెంబర్ 7

గత నెల రాసుకున్న పేరు తప్పు. విద్యార్థుల్లో ఒకరు అడిగిన ప్రశ్న వల్ల ఈ సంగతి బయటపడింది: వాలిస్నేరియా అయితే మొక్కకూ మొక్కకూ మధ్య బురదలో పాకే తీగ ఉండాలి కదా, అది ఏదీ? చేతులు బురదలోకి దించి నాలుగు గుబుర్ల చుట్టూ జాగ్రత్తగా తడిమి చూశాము. ఎక్కడా పాకే తీగ లేదు, ప్రతి మొక్కా తన పీచువేళ్ల గుత్తితో విడిగా నిలబడి ఉంది. ఆకు కొనను భూతద్దం కింద పెట్టి చూస్తే వాలిస్నేరియా కొన దగ్గర ఉండే సన్నని రంపపు పళ్లు కూడా లేవు.

పాకే తీగ లేని రిబ్బనాకు మొక్క అనగానే బ్లిక్సా గుర్తుకు వస్తుంది. కానీ బ్లిక్సా ఆకు క్రమంగా సన్నబడి సూదిలా ముగుస్తుంది, దాని అంచున కూడా చిన్న పళ్లుంటాయి. మా మొక్క ఆకు కొన అంత మొనదేలి లేదు, అంచు మెత్తగా ఉంది. పైగా కొత్తగా వచ్చిన ఆకుల్లో కింద కాడ, పైన ఆకు అన్న తేడా అస్పష్టంగా మొదలవుతోంది. నమోదు పుస్తకంలో పాత పేరును కొట్టివేసి, ‘పేరు తేలలేదు, కాడ ఏర్పడుతోంది’ అని రాశాము. కొట్టివేసిన పేరు చదవడానికి వీలుగానే ఉంచాము, ఎందుకంటే ఎక్కడ పొరబడ్డామో తర్వాత చూసేవారికి తెలియాలి.

దోనె నడిపే పెద్దాయన పళ్లెంలోకి తొంగిచూసి, “ఇది పాచి కాదండి మేష్టారూ. వానలెళ్ళేసరికి ఆకు వెడల్పయిపోద్దండి, తెల్లపువ్వు పూస్తది” అన్నారు. పేరేమిటని అడిగితే తమ ఇంట్లో దానికి వేరే పేరు లేదన్నారు. ఆయన చెప్పిన రెండు లక్షణాలనూ తేదీతో సహా రాసుకున్నాము.

సెప్టెంబర్ 29

పెద్దాయన చెప్పినట్టే జరిగింది. మూడు వారాల్లో చెరువులో నీరు ఒక జానెడు పెరిగింది, ఆకు రూపమే మారిపోయింది. ఇప్పుడు ఒకే మొక్క మీద మూడు రకాల ఆకులున్నాయి: అడుగున వాడిపోతున్న పాత రిబ్బనాకులు, వాటి పైన ఈటె మొన ఆకారంలో ఉన్నవి, మధ్యనుంచి కొత్తగా లేచినవి గుండెకాయ ఆకారంలో, అలలు తేలిన అంచుతో ఉన్నవి. పెద్ద ఆకు దాదాపు 14 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు ఉంది, కాడ 30 సెం.మీ. దాటింది. ఆకు ఎంత పలచగా ఉందంటే, పళ్లెంలో పరిచినప్పుడు అడుగున ఉన్న గీత దాని గుండా కనిపించింది. నిలువుగా తొమ్మిది ఈనెలు, వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లలా అడ్డ ఈనెలు ఉన్నాయి. వేళ్ల మధ్య కొద్దిగా వంచితే కాడ పుటుక్కున విరిగింది.

ఆకు వెడల్పయ్యాక సరిపోల్చవలసిన మొక్కల జాబితా కూడా మారింది. అపోనోజెటాన్ అయితే అడుగున దుంప ఉండాలి, పెద్దయ్యాక ఆకులు నీటిపై తేలాలి. మా మొక్కకు దుంప లేదు, ఆకులన్నీ నీటిలోనే మునిగి ఉన్నాయి. మోనోకోరియా అయితే ఈపాటికి ఆకులు నీటిపైకి నిటారుగా లేచి ఉండేవి. మిగిలింది నీటిలో మునిగే పెరిగే వెడల్పాకు మొక్క ఒట్టీలియా ఒక్కటే, కానీ పువ్వు చూడకుండా ఆ పేరు పుస్తకంలోకి ఎక్కించకూడదని నిర్ణయించుకున్నాము. ఆకును నమ్మి ఒకసారి పొరబడిన తర్వాత మళ్లీ ఆకునే నమ్మడం సరైన పని కాదు.

అక్టోబర్ 20

ఈ రోజు పువ్వు దొరికింది. ఉదయం ఏడున్నరకు చెరువు చేరేసరికి నీటి ఉపరితలానికి కొంచెం కింద మొగ్గలు నిలబడి ఉన్నాయి. తొమ్మిది గంటల ప్రాంతంలో ఎండ పడ్డాక ఒక్కొక్కటిగా నీటిపైకి వచ్చి విచ్చుకున్నాయి. మూడు ఆకర్షక పత్రాలు, తెలుపులో చాలా లేత గులాబీ జీర, మొదలు దగ్గర పసుపు రంగు. వాటి వెనుక మూడు ఆకుపచ్చని రక్షక పత్రాలు. ఆకర్షక పత్రం నీటి మొక్కకు తగినట్టే అతి పలచగా, కాస్త ముడతలుపడి ఉంటుంది. గాలికి నీరు ఎగసి దానిమీద పడితే అది అక్కడే అంటుకుపోయి మళ్లీ లేవదు. నేను చూసిన పదకొండు పువ్వుల్లో ఏదీ మధ్యాహ్నం నాలుగు గంటలు దాటి విచ్చుకొని లేదు.

పేరును ఖాయం చేసే ఆధారం మాత్రం పువ్వు కింద ఉంది. పూకాడ కొనన పువ్వును చుట్టి పట్టుకొన్న సంచి వంటి మట్టె ఉంటుంది. ఆ మట్టె ఒంటిమీద నిలువునా అలలు తేలిన రెక్కలు ఉండటం ఒట్టీలియా అలిస్మాయిడిస్ జాతికి గుర్తు. మేము కోసి చూసిన మూడింటిలో రెండింటికి ఐదేసి రెక్కలు, ఒకదానికి ఆరు ఉన్నాయి. మట్టెకు ఒకే పువ్వు, అది కూడా కాడ లేకుండా నేరుగా మట్టెలో కూర్చున్నది. కేసరాలు ఆరు, కీలాలు ఆరు, ప్రతి కీలం కొన రెండుగా చీలి ఉంది. అండాశయం పువ్వుకు కింద, మట్టె లోపల దాగి ఉంది. ఒకే పువ్వులో కేసరాలూ కీలాలూ ఉండటం కూడా ముఖ్యమైన తేడా. వాలిస్నేరియాలో మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరు మొక్కల మీద ఉంటాయి, మగ పువ్వులు తెగి నీటిపై తేలుతూ వెళ్లి ఆడ పువ్వును చేరతాయి. ఇవి రెండూ హైడ్రిల్లాతో కలిసి హైడ్రోకారిటేసి అనే ఒకే కుటుంబానికి చెందినవి అయినా, పుష్పించే తీరులో ఇంత దూరం ఉంది.

నమోదు పుస్తకంలో ‘పేరు తేలలేదు’ అన్న మాట కింద గీత గీసి, ఒట్టీలియా అలిస్మాయిడిస్ అని రాసి, ముగ్గురం సంతకాలు చేశాము. పెద్దాయన చేత కూడా చేయించాము, ఎందుకంటే పువ్వు సంగతి మాకన్నా ఆరు వారాల ముందు చెప్పినది ఆయనే.

అక్టోబర్ 21

పేరు చరిత్ర చూస్తూ ఈ సాయంత్రం గడిచింది. డచ్చి వారి మలబారు పాలకుడు హెండ్రిక్ వాన్ రీడే ఆధ్వర్యంలో 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా వెలువడిన ‘హోర్టస్ మలబారికస్’లో ఈ మొక్క ‘ఒట్టెల్ అంబెల్’ అన్న మలయాళపు పేరుతో ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీన్ని మరో ప్రజాతిలో చేర్చగా, 1805లో పెర్సూన్ అనే మరో శాస్త్రజ్ఞుడు ఆ మలయాళపు పేరునుంచే ఒట్టీలియా అన్న ప్రజాతి పేరును తీసుకున్నాడు. అలిస్మాయిడిస్ అంటే అలిస్మా అనే మరో నీటి మొక్కను పోలినది అని అర్థం. అంటే ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ ఈ పేరు పలికినా అందులో కేరళ నీటి ఒడ్డున ఎవరో పిలిచిన పిలుపు వినిపిస్తుంది.

మన వైపు సంబంధం ఇంకా దగ్గరది. స్కాట్లాండుకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలోనే ఉండి, ఈ పరిసరాల మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వెలువరించిన మూడు సంపుటాల్లో 300 చిత్రపటాలున్నాయి. ఈ మొక్క అందులో డమసోనియం ఇండికం అన్న అప్పటి పేరుతో ఉంది. మట్టె మీది రెక్కలను ఆ చిత్రకారుడు ఎంత శ్రద్ధగా గీశాడో నిన్నటి పువ్వును పక్కన పెట్టుకొని చూసినప్పుడు నాకు మరింత బాగా తెలిసింది.

‘అరుదైన మొక్క’ అన్న మాటను ఎలా వాడాలన్న ప్రశ్న విద్యార్థులతో చాలాసేపు చర్చించాము. జాతులకు ఉన్న ముప్పును అంచనా వేసే ప్రపంచ స్థాయి ఎర్ర జాబితా ప్రకారం దీనికి తక్షణ ప్రమాదం లేదు. దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా ఉత్తర భాగం వరకు ఇది ఉంది, ఇటలీ వరిపొలాల్లోకి కూడా కలుపుగా చేరింది. అయితే జపానులో ఇది ఆపదకు లోనయ్యే జాతుల వర్గంలో ఉంది, చైనా 2021లో సవరించిన జాబితాలో ఒట్టీలియా ప్రజాతి మొత్తాన్ని రెండో తరగతి రక్షణ కిందికి తెచ్చింది. కాబట్టి ‘అరుదు’ అన్న మాట పక్కన ‘ఎక్కడ’ అన్నది కూడా రాయాలి. మేము ఇంతవరకు చూసిన చెరువుల్లో ఒక్కదానిలోనే ఉన్నది అని రాస్తాము, అంతకు మించి రాయము.

నవంబర్ 10

హెర్బేరియం నమూనాల (కాగితం మీద ఎండబెట్టి భద్రపరిచే మొక్కల) మొదటి విడత పాడైంది. మూడు మొక్కలను తడి గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి, సాయంత్రం కాగితం మీద పరచబోతే ఆకులు చిరిగి ముద్దయ్యాయి. ఈ ఆకుకు పత్రరంధ్రాలు లేవు, పైపొర నామమాత్రం, తనంతట తాను నిలబడే బలం లేదు. నీరే దాన్ని నిలబెడుతుంది. నేను తెలిసి తెలిసి తొందరపడ్డాను, మూడు మంచి మొక్కలు వృథా అయ్యాయి.

ఈ రోజు గట్టుమీదే పని పూర్తిచేశాము. వెడల్పాటి రేకు తొట్టెలో చెరువు నీరే పోసి, మొక్కను అందులో తేలనిచ్చి, 42 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పు గల మందపాటి కాగితాన్ని దాని కిందికి జార్చి, ఆకులను మెత్తని కుంచెతో సర్దుతూ కాగితాన్ని ఒక పక్కనుంచి మెల్లగా పైకి ఎత్తాలి. నీరు జారిపోతుండగా ఆకు తన సహజ రూపంలోనే కాగితానికి అంటుకుంటుంది. పైన పలచని మల్లుగుడ్డ వేసి, దానిపై పాత వార్తాపత్రికలు పెట్టి బిగించాలి. మొదటి రోజు ప్రతి మూడు గంటలకూ పత్రికలు మార్చాలి, గుడ్డను మాత్రం పూర్తిగా ఆరేదాకా కదపకూడదు. పువ్వులను, మట్టెలను విడిగా సీసాలో ఆల్కహాలు కలిపిన నీటిలో ఉంచాము, ఎందుకంటే ఎండిన తర్వాత కీలాలను లెక్కపెట్టడం అసాధ్యం. ప్రతి కాగితం మీద తేదీ, నీటి లోతు, అడుగు మట్టి రకం, చుట్టూ ఉన్న ఇతర మొక్కలు, పువ్వు రంగు రాశాము. ఎండాక రంగు పోతుంది.

నవంబర్ 24

ఈ మొక్క ఈ మూలలోనే ఎందుకుందన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేస్తున్న విషయం. చెరువు ఒకటే అయినా నాలుగు వైపులా నాలుగు రకాలుగా ఉంది. పడమర రేవులో గేదెలు దిగుతాయి, అక్కడ మా బిళ్ళ ఒక జానెడు లోతులోనే కనిపించకుండా పోయింది. తూము దగ్గర లోతు ఎక్కువ, అడుగున నల్లని ఒండ్రు. ఉత్తరాన వాగు కలిసే చోట తామర ఆకులు నీటిని పూర్తిగా కప్పేశాయి. కలుజు మూలలో మాత్రం అడుగున ఇసుక కలిసిన పలచని ఒండ్రు, 40 నుంచి 90 సెం.మీ. లోతు, అడుగుదాకా చేరే వెలుతురు ఉన్నాయి. తోడుగా హైడ్రిల్లా, నాజస్, కారా అనే నాచు ఉన్నాయి. లోతు పెరిగినకొద్దీ కాడలు పొడవుగా, ఆకులు పెద్దవిగా ఉన్నాయి. మీటరు దాటిన చోట మొక్కలే లేవు.

ఉదయం ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ ఒకే చోట పీహెచ్ కొలిచాము: మొదటిది 7.6, రెండోది 9.1. తేడా ఎందుకంటే, పగలంతా మొక్కలు కిరణజన్య సంయోగక్రియ కోసం నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటాయి, అది తగ్గినకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. గాలిలోకంటే నీటిలో ఈ వాయువు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కాబట్టి వాడుకున్నది వెంటనే భర్తీ కాదు. మధ్యాహ్నానికి మునిగి ఉన్న మొక్కకు నీటి నిండా వెలుతురు ఉన్నా తినడానికి కర్బనం ఉండదు. ఒట్టీలియా అలిస్మాయిడిస్ ఈ కరువును తట్టుకొనే తీరు పరిశోధకులను ఆశ్చర్యపరిచింది: ఇది నీటిలోని బైకార్బనేటును వాడుకోగలదు, జొన్న, చెరకు వంటి మొక్కల్లో ఉండే సీ4 విధానాన్ని (తక్కువగా ఉన్న కర్బనాన్ని ముందు పోగుచేసుకొని వాడుకొనే పద్ధతిని), వాటికుండే ప్రత్యేక కణాల అమరిక లేకుండానే, నడపగలదు, కార్బన్ డయాక్సైడు మరీ తక్కువైనప్పుడు బ్రహ్మజెముడు జాతుల మాదిరిగా రాత్రిపూట కర్బనాన్ని ఆమ్ల రూపంలో దాచుకోగలదు. ఈ మూడు మార్గాలూ ఒకే మొక్కలో ఉన్నాయి. పత్రదళం ఇంత పలచగా ఎందుకుందో కూడా దీనితో అర్థమవుతుంది: కణాలన్నీ నీటికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

ఇన్ని నేర్పులున్న మొక్కకు లేనిదల్లా మురికి నీటిలో బతికే నేర్పు. వెలుతురు ఆగిపోతే ఆ మూడు మార్గాలూ పనికిరావు.

డిసెంబర్ 22

పన్నెండు చెరువులూ పూర్తయ్యాయి. ఒట్టీలియా మూడో చెరువులో తప్ప మరెక్కడా లేదు. నాలుగు చెరువులను గుర్రపు డెక్క కప్పేసింది, వాటిలో గొర్రు వేస్తే కుళ్లిన వేళ్లు తప్ప ఏమీ రాలేదు. ఐదింటిలో చేపల పెంపకం జరుగుతోంది; బొచ్చె, శీలావతులతోపాటు గడ్డిచేపను వదులుతారు. 1959లో మన దేశానికి తెచ్చిన ఈ చేపకు మెత్తని నీటి మొక్కలే ఇష్టమైన ఆహారం, ఒట్టీలియా ఆకు దాని నోటికి ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. మూడో చెరువుకు రెండేళ్లుగా వేలంపాట జరగలేదని పెద్దాయన చెప్పారు. తన చిన్నతనంలో ఈ పువ్వు సార్వా (వానాకాలపు వరి) మళ్లల్లోనూ కనిపించేదని, కలుపు మందులు వచ్చాక పోయిందని కూడా అన్నారు. జపానులో దీని తగ్గుదలకు చెప్పే ప్రధాన కారణాల్లో కలుపు మందు ఒకటి.

పువ్వులు తగ్గి కాయలు వచ్చాయి. కాయ నీటి అడుగునే, మట్టె రెక్కల మధ్య ముదురుతోంది. ఒక కాయను విప్పితే ఇసుక రేణువులంత చిన్న విత్తనాలు కుప్పగా ఉన్నాయి. భూతద్దంలో వాటి మీద సన్నని నూగు కనిపించింది. లోతు నీటిలో విచ్చుకోని మొగ్గలు కూడా కాయలయ్యాయి. నీటిపైకి చేరలేనప్పుడు పువ్వు మూసుకొనే ఉండి తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుందని చదివినది ఇక్కడ కళ్లతో చూశాము.

ఫిబ్రవరి 9

కలుజు మూల ఎండిపోయింది. మొక్కలన్నీ చనిపోయి, ఆకులు బురద మీద గోధుమరంగు మరకల్లా మిగిలాయి. ఇప్పుడు ఎవరు వచ్చి చూసినా ఇక్కడ ఒక మొక్క ఉండేదని నమ్మరు. ఉన్నదంతా పై పొర ఒండ్రులో విత్తనాల రూపంలో ఉంది. వేసవిలో పూడిక తీయిస్తామని ఊరిలో అనుకుంటున్నారు, యంత్రం మొదట దిగేది ఎండిన ఈ మూలలోకే. పూడిక తీయడం అవసరమే, ఆయకట్టు రైతుకు నీరు నిలవాలి. కలుజు పక్కన ఇరవై అడుగుల వెడల్పు పట్టీని మాత్రం తవ్వకుండా వదిలేయమని, తూము వైపు లోతు చేసుకోమని రచ్చబండ దగ్గర పెద్దలను అడిగాము, పువ్వు ఫొటోలు చూపించాము. ఒకరు వెంటనే సరే అన్నారు, ఇద్దరు ఆలోచిస్తామన్నారు. పట్టీ హద్దుల్లో నాలుగు వెదురు గడలు పాతి వచ్చాము.

మాట నిలవకపోతే ఏమవుతుందోనని, పట్టీలోని పై ఐదు సెంటీమీటర్ల ఒండ్రును రెండు తట్టలు తెచ్చి, నీడలో ఆరబెట్టి గోనెసంచిలో ఉంచాము.

మే 4

మూడు వారాల కిందట ఆ ఒండ్రును కళాశాల వెనుక సిమెంటు తొట్టెలో పరిచి, పైన జానెడు లోతు వాననీరు నిలవబెట్టాము. అది నిరుడు పట్టి ఉంచిన నీరు, బోరు నీరు పోయలేదు. మొదటి వారం నీరు పచ్చగా మారింది, రెండో వారానికి తేరుకుంది. ఈ ఉదయం విద్యార్థి పిలిస్తే వెళ్లి చూశాను. ఒండ్రులోంచి ఐదు మొలకలు లేచి ఉన్నాయి. వేలి గోరంత పొడవు, దారమంత వెడల్పు ఉన్న ఆకులు. ఒకదాన్ని పళ్లెంలోకి తీసి భూతద్దం పెట్టాము: కొనన పళ్లు లేవు, అంచు మెత్తగా ఉంది, వేరు దగ్గర పాకే తీగ లేదు. పుస్తకంలో తేదీ వేసి, పేరు గడిని ఖాళీగా ఉంచి, ‘కాడ కోసం చూడాలి’ అని రాశాము. వెదురు గడలు ఇంకా అలాగే ఉన్నాయని పెద్దాయన ఫోను చేసి చెప్పారు.